సర్క్యూట్‌తో పాటు అమరికనూ అచ్చు వేయండి

సంపాదకులకు,

అయ్యా,

వాల్వు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టం) యాంప్లిఫయర్లను ఇంట్లోనే సొంతంగా తయారుచేసుకుంటున్న యువకుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని, దానితో పాటు ఇచ్చిన సర్క్యూట్‌ను, తర్వాతి వారాల్లో పాఠకులు రాసిన ఉత్తరాలను శ్రద్ధగా చదివాను. సర్క్యూట్‌లో తప్పేమీ లేదు. అయితే దాన్ని చూసి యాంప్లిఫయర్ కట్టినవారిలో చాలామంది ఒకే బాధ రాశారు: పాట బాగానే వస్తోంది గానీ, పాట ఆగగానే స్పీకరులో గుంయ్‌మని హమ్ వినిపిస్తోంది. దానికి ఒకరు వాల్వులను, మరొకరు కండెన్సర్లను తప్పుపట్టి, ఇంకా ఖరీదైనవి ఎక్కడ దొరుకుతాయని అడిగారు. ఎక్కువ డబ్బు పోస్తే ఈ హమ్ పోదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నూటికి తొంభై పాళ్లు ఇది అమరిక తెచ్చిపెట్టే జబ్బు. ఏ భాగాన్ని ఛాసీ (భాగాలన్నీ బిగించే రేకు పెట్టె) మీద ఎక్కడ, ఏ దిక్కుకు తిప్పి బిగించాలి, ఏ వైరును ఏ దారిన తీసుకుపోవాలి అన్నది రంధ్రాలు కొట్టకముందే కాగితం మీద తేల్చుకోకపోతే, ఆ తర్వాత ఎంత మంచి సరుకు వేసినా ఫలితం అంతంతమాత్రమే.

సర్క్యూట్ పటం ఏది దేనికి కలవాలో చెబుతుంది గానీ ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పదు. పటంలో, ఇంటి కరెంటును తీసుకునే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ను కింద ఒక మూల గీస్తారు, ఇన్‌పుట్ వాల్వును ఎడమ పక్కన గీస్తారు. గీసిన ఆ దూరం ఛాసీ మీద కూడా ఉంటుందన్న హామీ ఏదీ లేదు. ట్రాన్సిస్టర్లతో పనిచేసినవారికి ఇది అంత పెద్ద విషయంగా తోచదు, ఎందుకంటే అక్కడ వోల్టేజీలు చిన్నవి, ఇంపీడెన్సులు (ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డు) తక్కువ. వాల్వు దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. సిగ్నల్ వాల్వులోకి వెళ్లే గ్రిడ్ దగ్గర ఇంపీడెన్సు లక్షల ఓముల్లో ఉంటుంది, పెరిగిన సిగ్నల్ బయటికి వచ్చే ప్లేటు దగ్గర వందల వోల్టులు ఆడుతుంటాయి, వాల్వును వేడిచేసే ఫిలమెంట్లలో ఆంపియర్ల కొద్దీ ఏసీ కరెంటు పారుతుంటుంది, ఇదంతా ఒక పలక వెడల్పు రేకు మీద జరుగుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల, 50 హెర్ట్‌జ్ కరెంటు వైరు మొదటి వాల్వు గ్రిడ్ వైరు పక్కన రెండు మూడు అంగుళాల మేర నడిచిందనుకుందాం. ఆ రెంటి మధ్య ఇంచుమించు ఒక పికోఫారడ్ కెపాసిటీ దానంతట అదే ఏర్పడుతుంది. 50 హెర్ట్‌జ్ దగ్గర ఒక పికోఫారడ్ అంటే దాదాపు 318 కోట్ల ఓములు. వినడానికి అది తెగిపోయిన వైరుతో సమానం. కానీ గ్రిడ్ నుంచి గ్రౌండుకు (సర్క్యూట్ అంతటికీ సున్నా వోల్టుల ఉమ్మడి చోటుకు) ఉన్న రెసిస్టెన్స్ 10 లక్షల ఓములైతే, ఆ 230 వోల్టుల్లో 72 మిల్లీవోల్టులు గ్రిడ్ మీదికి వచ్చి చేరతాయి. గ్రామఫోను రికార్డు మీద నడిచే సూది ఉన్న మాగ్నెటిక్ పికప్ ఇచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టులకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే పాట కంటే హమ్మే పద్నాలుగు రెట్లు పెద్దది. అదే గ్రిడ్‌కు ముందున్న పరికరం ఇంపీడెన్సు 10 వేల ఓములే అయితే వచ్చేది 0.7 మిల్లీవోల్టు. సీడీ ప్లేయర్ పెట్టినప్పుడు నిశ్శబ్దంగా ఉన్న యాంప్లిఫయర్, ఏమీ తగిలించనప్పుడు ఎందుకు మొత్తుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

హమ్ అంతా ఒకటే రకం అనుకోవడం వల్ల కూడా చాలామంది దారి తప్పుతున్నారు. లోతుగా, మెత్తగా వినిపించేది 50 హెర్ట్‌జ్. అది ఫిలమెంట్ వైర్ల నుంచో, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం నుంచో, కరెంటు వైరు నుంచో వస్తుంది. దానికంటే ఒక స్థాయి పైన వినిపించేది 100 హెర్ట్‌జ్. ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫయర్ తర్వాత, ఆ డీసీని నునుపు చేసే ఫిల్టరు చాలకపోతే వచ్చేది అది. గరగరమని పదునుగా, జోరీగలా వినిపిస్తే గ్రౌండు వైరింగును అనుమానించాలి. ఈ మూడింటికీ మూడు వేర్వేరు మందులు. ఫిల్టరు కండెన్సరు విలువ రెట్టింపు చేస్తే రెండోది తగ్గుతుంది, మొదటిది ఏమాత్రం కదలదు, మూడోది ఇంకా పెరగవచ్చు కూడా. కాబట్టి ముందు వాల్యూమ్ కంట్రోల్‌ను పూర్తిగా తగ్గించి వినాలి. అప్పుడు హమ్ పోతే అది కంట్రోల్‌కు ముందు దశలో పుడుతున్నట్టు, పోకపోతే దాని తర్వాత పుడుతున్నట్టు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఇక అమరిక సంగతి. ఛాసీ అంత కొలతతోనే ఒక అట్టముక్క కోసి, ట్రాన్స్‌ఫార్మర్లను, వాల్వు బేసులను, కండెన్సర్లను దాని మీద పెట్టి జరుపుతూ చూడడం ఉత్తమం. మొదటి సూత్రం చాలా పాతది: సిగ్నల్ ఒక చివర లోపలికి వచ్చి, దశలవారీగా ముందుకే నడిచి, రెండో చివర స్పీకరుకు వెళ్లిపోవాలి, వెనక్కి తిరిగి ఇన్‌పుట్ పక్కకు రాకూడదు. అందం కోసమని ఇన్‌పుట్ సాకెట్లను, స్పీకర్ టెర్మినళ్లను, కరెంటు వైరును అన్నిటినీ వెనక పలకలో వరసగా పెట్టేస్తున్నారు. అలా పెట్టాలనుకుంటే కనీసం ఇన్‌పుట్లు ఒక మూల, కరెంటు వైరు వ్యతిరేక మూల ఉండాలి. 1953లో ఇంగ్లండులో వచ్చిన క్వాడ్ 2 యాంప్లిఫయర్‌ను చూడండి. సన్నటి పొడుగాటి ఛాసీకి ఒక కొసన కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, రెండో కొసన స్పీకరును నడిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, మధ్యలో వాల్వులు. చూడముచ్చటగా ఉండే ఆ రూపం వెనక ఉన్నది ఈ దూరం లెక్కే.

దూరం ఎంత మేలు చేస్తుందో చాలామందికి అంచనా ఉండదు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి బయటికి చిమ్మే అయస్కాంత క్షేత్రం సుమారుగా దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. మూడంగుళాల దూరాన్ని ఆరు అంగుళాలు చేస్తే సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకని ఛాసీ ఒక అంగుళం పొడుగు పెరుగుతుందని వెనకాడకూడదు. రేకు చవక.

దూరం కుదరని చోట దిక్కు ఉపయోగపడుతుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మరులో చుట్టిన తీగకు ఒక అక్షం ఉంటుంది. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు అక్షం, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అక్షం ఒకే దిశలో ఉంటే మొదటి దాని క్షేత్రం రెండో దానిలోకి నేరుగా దూరి, వాల్వులతో నిమిత్తం లేకుండానే స్పీకరులో హమ్ పుట్టిస్తుంది. ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పితే చాలావరకు పోతుంది. కానీ కంటితో చూసి 90 డిగ్రీలు అనుకున్నది నిజంగా అత్యల్ప స్థానం కాకపోవచ్చు, ఎందుకంటే ఛాసీ రేకు, పక్కనున్న చోక్ (ఫిల్టరులో వాడే తీగచుట్ట), బిగించిన బోల్టులు కూడా క్షేత్రాన్ని వంచుతాయి. దానికి పాత మెకానిక్కులు చేసే పరీక్ష ఒకటుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును దేనికీ కలపకుండా, దాని స్పీకరు వైపు తీగలకు మాత్రం ఒక హెడ్‌ఫోన్ తగిలించాలి. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీకి (కరెంటు లోపలికి పోయే చుట్టకు) మాత్రం కరెంటు ఇవ్వాలి. ఇప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును ఛాసీ మీద మెల్లగా జరుపుతూ, తిప్పుతూ వినాలి. హమ్ పెరుగుతుంది, తగ్గుతుంది, ఒకచోట దాదాపు మాయమవుతుంది, ఆ చోటు దాటితే మళ్లీ పైకి లేస్తుంది. ఆ మాయమైన చోట పెన్సిలు గీత గీసి రంధ్రాలు కొట్టాలి. హెడ్‌ఫోన్ లేకపోతే మల్టీమీటరును ఏసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, తీగలు ఎక్కువ చుట్లున్న ప్లేటు వైపు కొలవవచ్చు. చోక్‌కూ ఇదే పరీక్ష వర్తిస్తుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీకి కరెంటు ఇచ్చినప్పుడు దాని హై టెన్షన్ సెకండరీలో (కరెంటు బయటికి వచ్చే చుట్టలో) 300-0-300 వోల్టులు, అంటే నడిమి కొస నుంచి అటూ ఇటూ 300 చొప్పున, ఉంటాయి. ఆ తీగల కొసలన్నిటికీ విడివిడిగా స్లీవు తొడిగి, టేపు చుట్టి, పక్కకు కట్టేసిన తర్వాతే పరీక్ష మొదలుపెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్లను జరిపే చెయ్యి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మీదే ఉండాలి, కరెంటు ఉన్నదాని మీదికి పోకూడదు.

ఈ మధ్య ఒక కుర్రవాడు తాను కట్టిన యాంప్లిఫయర్‌ను మా ఇంటికి తెచ్చి, "మాస్టారూ, కండెన్సర్లన్నీ మార్చేశాను, అయినా హమ్ పోవట్లేదు" అన్నాడు. ఇనప ఛాసీ. దాని మీద రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ భుజం భుజం ఆనించి, కోర్లు సమాంతరంగా, చూడ్డానికి కవలపిల్లల్లా బిగించి ఉన్నాయి. అవుట్‌పుట్ వాల్వులు బేసుల నుంచి తీసేసి కరెంటు ఇచ్చినా స్పీకరు హమ్ చేస్తూనే ఉంది. అంటే వాల్వులకు, కండెన్సర్లకు అసలు సంబంధమే లేదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు బోల్టులు విప్పి, దాన్ని పక్కకు తిప్పి, కింద ఫైబరు వాషర్లు వేసి రేకు నుంచి కాస్త పైకి లేపాక చెవి స్పీకరుకు ఆనించి వింటే తప్ప వినబడనంతగా తగ్గింది. ఇనప రేకు అయస్కాంత క్షేత్రాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకుపోతుంది. అల్యూమినియం ఆ పని చెయ్యదు. కొత్తగా కట్టేవారికి అల్యూమినియమే నా సలహా. గాజులా గుండ్రంగా ఉండే టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మరు అయితే క్షేత్రం బాగా తక్కువగా చిమ్ముతుంది గానీ, తీగలు బయటికి వచ్చే వైపు కొంత లీకేజీ దానికీ ఉంటుంది. ఆ వైపును ఇన్‌పుట్‌కు దూరంగా తిప్పుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మర్ల తర్వాత నేను ఫిలమెంట్ వైరింగునే ముఖ్యమంటాను. రెండు ఇఎల్34 అవుట్‌పుట్ వాల్వులు, రెండు చిన్న ఇసిసి83 వాల్వులు ఉన్న యాంప్లిఫయర్‌లో 6.3 వోల్టుల దగ్గర ఫిలమెంట్లకు 3.6 ఆంపియర్లు కావాలి. ఇఎల్34 ఒక్కోటి ఒకటిన్నర ఆంపియరు, ఇసిసి83 ఒక్కోటి 0.3 ఆంపియరు తీసుకుంటాయి. ఇంత ఏసీ కరెంటు గ్రిడ్ పక్కనుంచే పోవాలి, తప్పదు. అందుకని వెళ్లే వైరును, వచ్చే వైరును గట్టిగా మెలిపెట్టి పురి వేయాలి. అప్పుడు ఒకదాని క్షేత్రాన్ని మరొకటి రద్దు చేస్తుంది. ఆ పురిని ఛాసీ మూలలో, రేకును అంటిపెట్టుకుని నడపాలి, సిగ్నల్ వైరును అడ్డంగా దాటవలసి వస్తే 90 డిగ్రీల కోణంలో దాటాలి, పక్కపక్కన పోనివ్వకూడదు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి ముందు అవుట్‌పుట్ వాల్వులకు, చివరికి ఇన్‌పుట్ వాల్వుకు వెళ్లాలి. అలా చేస్తే ఇన్‌పుట్ దాకా చేరే పురిలో 0.3 ఆంపియరే పారుతుంది. దీన్ని తిరగేసి, దగ్గరగా ఉందని ఇన్‌పుట్ వాల్వుకే ముందు ఇచ్చి, అక్కణ్ణుంచి పెద్ద వాల్వులకు తీసుకెళ్తే, మొత్తం 3.6 ఆంపియర్లూ అతి సున్నితమైన గ్రిడ్ పక్కనుంచే ప్రయాణం చేస్తాయి.

బేసును ఏ కోణంలో బిగించాలన్నది ఇంకా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇక్కడే పనితనం తెలుస్తుంది. ఇసిసి83 ఒకే గాజులో ఇమిడిన రెండు వాల్వులు, అందుకే దానికి రెండు గ్రిడ్లు. దాని బేసును అడుగు నుంచి చూస్తే ఫిలమెంట్ రెండు కొసలైన 4, 5 పిన్నులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, 6.3 వోల్టుల మీద వాడేటప్పుడు ఆ రెంటినీ కలిపి ఒక వైరు, 9వ పిన్నుకు రెండో వైరు ఇవ్వాలి. 9వ పిన్ను సరిగ్గా 4వ పిన్నుకు ఎదురుగా ఉంటుంది కాబట్టి ఒక వైరు బేసును అడ్డంగా దాటక తప్పదు. దాన్ని పక్కనుంచి చుట్టు తిప్పితే 2వ పిన్నులోని గ్రిడ్‌నో, 7వ పిన్నులోని గ్రిడ్‌నో రాసుకుంటూ పోతుంది. బేసు నడిబొడ్డు మీదుగా తిన్నగా దాటిస్తే రెండు గ్రిడ్లకూ సమానమైన దూరంలో ఉంటుంది. బేసును తిప్పేటప్పుడే 4, 5 పిన్నులు ఛాసీ మూల వైపు, అంటే ఫిలమెంట్ పురి వచ్చే వైపు ఉండేలా చూసుకుంటే మిగతా వైరింగు దానంతట అదే సర్దుకుంటుంది. బోల్టు రంధ్రాలు కొట్టాక ఈ కోణం మార్చడం కుదరదు. రంధ్రాలకు ముందే కాగితం అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మరుకు సెంటర్ ట్యాప్ (చుట్ట మధ్య నుంచి తీసిన కొస) లేకపోతే రెండు 100 ఓముల రెసిస్టెన్సులతో కృత్రిమంగా మధ్య బిందువు చేసి గ్రౌండుకు కలపాలి. ఆ బిందువును నేరుగా గ్రౌండుకు కాక, హై టెన్షన్ నుంచి రెండు రెసిస్టెన్సులతో విభజించి తీసిన 40 వోల్టుల పాజిటివ్‌కు కలిపితే ఫిలమెంట్ నుంచి అది వేడిచేసే క్యాథోడ్‌కు దూకే హమ్ ఇంకా తగ్గుతుంది. ఫిలమెంట్లకు డీసీ ఇస్తే ఈ తంటాలన్నీ ఉండవని ఒక పాఠకుడు రాశారు. సరిగ్గా చేస్తే నిజమే, కానీ ఆ డీసీ రెక్టిఫయరు, దాని పెద్ద కండెన్సరు మళ్లీ పదునైన చార్జింగు కరెంటును ఛాసీలోకి తెస్తాయి. పురి వేయడం చేతకానివారు డీసీతో బాగుపడిన దాఖలా నాకు తెలియదు.

గ్రౌండు విషయంలో మనవాళ్లకు ఒక అపోహ ఉంది: ఛాసీ అంతా గ్రౌండే కాబట్టి ఎక్కడ పడితే అక్కడ సోల్డరు పెట్టవచ్చునని. వైరుకైనా, రేకుకైనా ఎంతో కొంత రెసిస్టెన్సు ఉంటుంది. రెక్టిఫయరు తర్వాతి మొదటి కండెన్సరు ప్రతి అర సైకిలుకు ఒకసారి శిఖరం దగ్గర మాత్రమే గుటుక్కున కరెంటు తాగుతుంది. యాంప్లిఫయర్ సగటున 100 మిల్లీఆంపియర్లు వాడుతున్నా ఆ గుటకలు సగటుకు అయిదు రెట్ల దాకా ఉండగలవు. అర ఆంపియరు గుటక, ఎనిమిదంగుళాల సన్నని వైరులోని 0.01 ఓము గుండా పోతే 5 మిల్లీవోల్టులు పుడతాయి. ఆ వైరునే ఇన్‌పుట్ గ్రౌండుగా కూడా వాడితే, ఇందాక చెప్పిన పికప్ ఇచ్చే సిగ్నలంత గరగర దానిలో కలుస్తుంది. మంచినీటి గొట్టాన్ని మురుగు కాలవలోంచి వేసుకోవడం లాంటిదే ఇది.

కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు సెంటర్ ట్యాప్ వైరు ఛాసీకి పోకుండా నేరుగా మొదటి కండెన్సరు నెగెటివ్ కాలుకు పోవాలి. రెక్టిఫయరు, ట్రాన్స్‌ఫార్మరు, ఆ కండెన్సరు మూడూ దగ్గర దగ్గరగా ఉండి, ఆ గుటకల కరెంటు అక్కడికక్కడే తిరగాలి. శుభ్రమైన గ్రౌండును ఆ కండెన్సరు కాలు నుంచి తీసుకుని రెండో కండెన్సరుకు, అక్కణ్ణుంచి తర్వాతి దానికి, చివరికి ఇన్‌పుట్ దశకు తీసుకెళ్లాలి. ప్రతి వాల్వు క్యాథోడ్, గ్రిడ్ లీక్ (గ్రిడ్ నుంచి గ్రౌండుకు పోయే) రెసిస్టెన్సులను ఆ వాల్వుకు కరెంటు ఇచ్చే కండెన్సరు నెగెటివ్ దగ్గరే ముడివేయాలి. ఛాసీకి ఈ గ్రౌండు కలిసేది ఒక్కచోటే, అదీ ఇన్‌పుట్ సాకెట్ దగ్గర. ఇన్‌పుట్ సాకెట్లు రేకుకు తగలకుండా ఫైబరు వాషర్లతో బిగించాలి.

ఇంటి ఎర్త్ వైరు సంగతి వేరు. అది కరెంటు వైరు లోపలికి వచ్చే చోటే, తన సొంత బోల్టుతో, ఛాసీకి గట్టిగా బిగించి ఉండాలి. హమ్ తగ్గుతోందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ తీసేసే అలవాటు మన ఆర్కెస్ట్రా వేదికల మీద కూడా నేను చూశాను. లోపల ఎక్కడైనా ఇన్సులేషను కాలితే ఛాసీ అంతా కరెంటెక్కి, దాన్ని ముట్టుకున్నవాడి ప్రాణం పోతుంది. ఎర్త్ తీస్తే హమ్ పోతోందంటే గ్రౌండు అమరిక తప్పని అర్థం, సరిచేయవలసింది దాన్ని.

షీల్డు వైరు గురించి ఒక మాట. హమ్ అనగానే ఛాసీ నిండా షీల్డు వైరు పరిచేస్తున్నారు. దానికీ ఒక ధర ఉంది: సాధారణంగా మీటరుకు 100 పికోఫారడ్ల కెపాసిటీ. ముందు పలక మీద 10 లక్షల ఓముల వాల్యూమ్ కంట్రోల్, వెనకెక్కడో గ్రిడ్, మధ్య అడుగు పొడవు షీల్డు వైరు ఉన్నాయనుకుందాం. వైరువి 30, ఇసిసి83 దశ తన గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో అది) వల్ల పెంచి చూపించేవి 100, మొత్తం 130 పికోఫారడ్లు. కంట్రోల్ సగం రెసిస్టెన్సు దగ్గర ఉన్నప్పుడు 5 కిలోహెర్ట్‌జ్ దగ్గరికే పై స్వరాలు పడిపోవడం మొదలవుతుంది. తాళాలు, తంబురా మీటు గుడ్డ కప్పినట్టు వినిపిస్తాయి. లక్ష ఓముల కంట్రోల్ వాడితే అదే పతనం 50 కిలోహెర్ట్‌జ్ దగ్గరికి పోతుంది. ఇంకా మంచిది, కంట్రోల్‌ను గ్రిడ్ పక్కనే బిగించి, పొడుగాటి ఇరుసుతో ముందు పలకకు తేవడం. పాత రేడియోల్లో వాల్యూమ్ కంట్రోల్ వెనకే ఆన్-ఆఫ్ స్విచ్చి ఉండేది. అంటే 230 వోల్టుల వైరు సిగ్నల్ పక్కకే వచ్చేది. రేడియోకు అది చెల్లింది, మంచి యాంప్లిఫయర్‌కు చెల్లదు.

రేడియో తరంగాలను గ్రిడ్‌లోకి పోకుండా ఆపే గ్రిడ్ స్టాపర్ రెసిస్టెన్సును ట్యాగు బోర్డు (భాగాలను సోల్డరు చేసే పలక) మీద కాక పిన్ను మీదే సోల్డరు చేయాలి, దాని శరీరం పిన్నును తాకుతున్నంత దగ్గరగా. విజయవాడ పరిసరాల్లో పాతకాలం వాల్వు సెట్లు బాగుచేసినవారికి ఇది ఎందుకో చెప్పనక్కరలేదు: టేపు పెట్టకుండానే యాంప్లిఫయర్‌లో 837 కిలోహెర్ట్‌జ్ మీద ఆకాశవాణి వార్తలు సన్నగా వినిపించేవి. గ్రిడ్ వైరు ఏరియల్‌గా, గ్రిడ్-క్యాథోడ్ మధ్య ఖాళీ డిటెక్టరుగా (రేడియో తరంగం నుంచి మాటను విడదీసేదిగా) పనిచేసేవి. 68 కిలో ఓముల స్టాపర్, వాల్వు సొంత 100 పికోఫారడ్లు కలిస్తే 23 కిలోహెర్ట్‌జ్ పైన ఉన్నదంతా క్రమంగా అణిగిపోతుంది. ఇప్పుడు మీడియం వేవ్ గొడవ తగ్గినా మొబైలు ఫోన్లు, ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు ఆ లోటు తీరుస్తున్నాయి. ప్లేటు వైర్లు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు తీగలు ఇన్‌పుట్ గ్రిడ్ దరిదాపులకు రాకూడదన్నదీ ఇలాంటిదే. వస్తే చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఆసిలేషను (యాంప్లిఫయర్ తనంతట తానే మోగడం) మొదలై, వాల్వులు ఎర్రబడేదాకా తెలియదు.

వేడికీ అమరికకూ కొంత తగువు ఉంటుంది. గ్రౌండు లెక్క ప్రకారం మొదటి కండెన్సరు రెక్టిఫయరు వాల్వు పక్కన ఉండాలి, వేడి లెక్క ప్రకారం దూరంగా ఉండాలి. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు ప్రతి 10 డిగ్రీల వేడికి ఆయుష్షు సగం పోగొట్టుకుంటుంది. నేనైతే వైరు రెండంగుళాలు పెంచి కండెన్సరునే కాపాడతాను, లేదా దాన్ని ఛాసీ అడుగున పెడతాను.

పాత రేడియోలు విప్పి ఆ ఛాసీల మీదే కట్టేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టాక మన దేశంలో వాల్వు రేడియోలకు కొదవ లేకపోయింది, ఇప్పటికీ పాతసామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. కానీ వాటి రంధ్రాలు స్టేషన్లు మార్చే గ్యాంగు కండెన్సరు కోసం, రేడియో సిగ్నల్‌కు వాడే ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల కోసం కొట్టినవి. ఉన్న రంధ్రానికి తగ్గట్టు వాల్వును పెడితే అమరిక మన చేతిలో ఉండదు. అంతకంటే ముఖ్యం, యుసిహెచ్, యుఎల్, యువై అక్షరాలతో మొదలయ్యే వాల్వులున్న ఏసీ/డీసీ సెట్లలో మామూలుగా కరెంటు ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. ఛాసీ నేరుగా కరెంటు వైరుకు కలిసి ఉంటుంది. అలాంటి వైరింగును యథాతథంగా ఉంచి దానికి ఇన్‌పుట్ సాకెట్ బిగించడం ప్రాణాంతకం. మామూలు యాంప్లిఫయర్‌లో కూడా 400 వోల్టుల మీద 100 మైక్రోఫారడ్ల కండెన్సరు కరెంటు ఆపేసిన తర్వాత కూడా నిండుగానే ఉంటుంది. దాని మీద 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టెన్సును శాశ్వతంగా వేసి ఉంచితే ముప్పావు నిమిషంలో 50 వోల్టులకు దిగుతుంది. అయినా మీటరుతో చూసుకున్న తర్వాతే చెయ్యి పెట్టాలి.

ఇక మీకు నా విన్నపం. అమెరికాలోని ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం నడిపి, తర్వాత గిటారు యాంప్లిఫయర్ల తయారీకి దిగిన లియో ఫెండర్ సంస్థ, 1950లలోనే తన యాంప్లిఫయర్లకు సర్క్యూట్ పటంతో పాటు అమరిక పటాన్నీ గీయించింది. ఏ రెసిస్టెన్సు ఏ ట్యాగు మీద, ఏ వైరు ఏ పిన్నుకు అన్నదంతా అందులో ఉంటుంది. ఇప్పటికీ ప్రపంచమంతటా కొత్తవాళ్లు ఆ పటాలు చూసి కట్టి, మొదటిసారికే హమ్ లేకుండా పాడించుకుంటున్నారు. మీ అనుబంధంలో ఇక ముందు యాంప్లిఫయర్ సర్క్యూట్ ఏదైనా వేసేటప్పుడు, దాని పక్కన ఛాసీని అడుగు నుంచి చూసినట్టు గీసిన పటం కూడా వేయండి. అందులో ట్రాన్స్‌ఫార్మర్ల దిక్కు, బేసుల కోణం, ఫిలమెంట్ పురి దారి, గ్రౌండు ఛాసీకి కలిసే చోటు కనిపించాలి. చోటు చాలకపోతే వ్యాసంలో విడిభాగాల ధరల పట్టికను తగ్గించండి. మీరు ఇదివరకు వేసిన సర్క్యూట్‌కు అలాంటి పటం గీసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. వాడబోయే ట్రాన్స్‌ఫార్మర్ల కొలతలు వ్యాసకర్త తెలియజేస్తే చాలు.

భవదీయుడు,
ఒక పాత రేడియో మెకానిక్కు,
విజయవాడ